సైకిలుకు బారెడు దూరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బడులు తెరిచినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైకిళ్ల గురించే. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఇవాళ సైకిలు తొక్కుతున్నది ఎక్కువగా బడిపిల్లలు, పాలు పోసేవారు, మిల్లు హమాలీలు, రాత్రి కాపలాకు వెళ్లే పెద్దవయసువారు. వారిలో ఒక్కరు కూడా నేరుగా రాయలేదు. వారి పిల్లలు, పంతుళ్లు, వారిని దాటుకుంటూ పోయే డ్రైవర్లు రాశారు. మోటారు వాహనాల తనిఖీ అధికారిగా పనిచేసిన రోజుల్లో, ప్రమాదం చేసిన బండిని పోలీస్ స్టేషన్ ఆవరణలో పరీక్షించి, బ్రేకులు, స్టీరింగు సరిగా ఉన్నాయో లేదో రాసి ఇవ్వడం నా విధుల్లో ఒకటి. 'యాంత్రిక లోపం లేదు' అన్న వాక్యాన్ని రాసినన్నిసార్లు మరే వాక్యాన్నీ రాసి ఉండను. బండిలో లోపం లేనప్పుడు అది మరెక్కడ ఉందో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. అక్కడ రాయలేకపోయినదే ఈ నెల జవాబుల్లో రాస్తున్నాను.

ప్రశ్న: నేను కారు నడిపేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోను, బ్లూటూత్‌లోనే మాట్లాడతాను. కిందటి నెల పానగల్ దగ్గర పక్కదారిలోంచి పాలక్యాన్లతో సైకిలు మీద వచ్చిన ఒక పెద్దాయనకు వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది. నేను ఆ వైపు చూశాను, అయినా ఆయన కనిపించలేదు. అదెలా జరుగుతుంది?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, నల్లగొండ

జవాబు: మీరు చెప్పింది అక్షరాలా నిజమై ఉంటుంది. 'చూశాను సార్, కానీ కనిపించలేదు' అనే మాట డ్రైవర్ల నోట ఎన్నోసార్లు విన్నాను. తొలి రోజుల్లో అది తప్పించుకునే మాట అనుకునేవాణ్ని. కంటి ముందు ఉన్నదంతా మనసుకు చేరదన్న సంగతి తర్వాత అర్థమైంది.

2003లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, చేత్తో పట్టుకోనక్కరలేని ఫోన్‌లో మాట్లాడిస్తూ బండి నడిపించారు. వారి చూపు ఎక్కడెక్కడ నిలిచిందో పరికరంతో నమోదు చేశారు. దారి పక్కనున్న బోర్డుల మీద వారి చూపు నిలిచినట్టు ఆ పరికరం చెప్పింది, కానీ తర్వాత అవే బోర్డులను చూపించి అడిగితే, మాట్లాడకుండా నడిపినప్పటి కంటే చాలా తక్కువగా గుర్తుపట్టారు. చూపు రోడ్డు మీదే ఉంది, ధ్యాస మాత్రం అవతలి మనిషి మాటల మీద ఉంది. నడుపుతూ ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం వాడనివారి కంటే సుమారు 4 రెట్లు ఎక్కువని, హ్యాండ్స్‌ఫ్రీ ఫోన్ చేతిలోని ఫోన్ కంటే పెద్దగా సురక్షితమేమీ కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

పక్క సీట్లోని మనిషితో మాట్లాడితే లేని ముప్పు ఫోన్‌లోనే ఎందుకని చాలామంది అడుగుతారు. పక్కన కూర్చున్న మీ ఇంటావిడ ఎదురుగా లారీ వస్తే మాట ఆపేస్తారు, ఒక్కోసారి మీకంటే ముందే 'సైకిలు, సైకిలు' అని హెచ్చరిస్తారు. ఫోన్‌లో ఉన్న మీ పైఅధికారికి రోడ్డు కనబడదు. ఆయన లెక్కలు అడుగుతూనే ఉంటారు, మీరు ఆ కాగితాలను మనసులో తిరగేస్తూనే ఉంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు అలా తిరగేసే ప్రతి సెకనుకూ దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది.

మీ విషయంలో ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. కారు ముందు అద్దానికి రెండు పక్కలా పైకప్పును మోసే స్తంభాలుంటాయి. స్తంభం సన్ననిదే అయినా కంటికి దగ్గరగా ఉండటం వల్ల, ముప్పై మీటర్ల అవతల ఉన్న సైకిలును మనిషితో సహా మూసేయగలదు. మీ కారు, పక్కదారిలోని సైకిలు ఒకే సమయానికి కూడలికి చేరేలా నిలకడైన వేగంతో వస్తుంటే, చివరి క్షణం వరకు ఆ సైకిలు స్తంభం చాటునే ఉండిపోవచ్చు. అందుకే పక్కదారులు కలిసే చోట వేగం తగ్గించి, మెడను కాస్త ముందుకు, పక్కకు వంచి చూడాలి. తలను గిర్రున తిప్పితే చాలదు, ఎందుకంటే చూపు ఒక చోటి నుంచి మరొక చోటికి దూకేటప్పుడు మధ్యలో ఉన్నది మెదడుకు సరిగా అందదు. ప్రతి వైపూ రెండు మూడు చోట్ల చూపును ఆపి చూడండి.

ఇక చట్టం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే లెక్కిస్తుంది. మొదటిసారి తప్పుకు 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ. 1,000 నుంచి రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2020 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ధ్యాస చెదరని పద్ధతిలో, దారి తెలుసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడవచ్చు. ఆ సెక్షన్‌లో ఉన్నది చేత్తో పట్టుకునే పరికరాల మాటే కనుక బ్లూటూత్‌కు అనుమతి ఉన్నట్టేనని మీరు వాదించవచ్చు. ఆ వాదన చలానా నుంచి కాపాడుతుందేమో గానీ, పాలక్యాన్ల పెద్దాయనను కాపాడదు. హైదరాబాద్ దారిలో నార్కట్‌పల్లి దాకానో చిట్యాల దాకానో ఆగలేని కాల్ అయితే, కారును రోడ్డు దిగేలా పక్కకు ఆపి మాట్లాడండి.

ప్రశ్న: మా ఊరి పిల్లలు భూత్పూర్ వైపు సైకిళ్ల మీద బడికి వస్తారు. ఎదురుగా వచ్చే బండి కనబడుతుంది కాబట్టి కుడివైపు తొక్కమని కొందరు తల్లిదండ్రులు చెబుతున్నారు. ఎడమవైపే తొక్కాలని నేను చెబుతున్నాను. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీరు చెప్పిందే సరైనది. కాలిబాట లేని రోడ్డు మీద నడిచేవారికి చెప్పే సలహాను తల్లిదండ్రులు సైకిలుకు కూడా వర్తింపజేస్తున్నారు. నడిచే మనిషి అడుగు పక్కకు వేసి రోడ్డు దిగగలడు. పుస్తకాల సంచితో సైకిలు తొక్కే పిల్లవాడు అంత తేలిగ్గా దిగలేడు.

పిల్లవాడు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, కారు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయనుకోండి. ఇద్దరూ ఒకే దిశలో పోతుంటే కారు పిల్లవాణ్ని సమీపించే వేగం 45 కిలోమీటర్లు. ఎదురెదురుగా అయితే 75. వంద మీటర్ల దూరంలో డ్రైవరు పిల్లవాణ్ని గమనించాడంటే, మొదటి సందర్భంలో అతని చేతిలో 8 సెకన్లు ఉంటాయి, రెండో సందర్భంలో 5 సెకన్లు కూడా ఉండవు. అంతేకాక, పక్కదారి నుంచి రోడ్డెక్కి ఎడమకు తిరిగే డ్రైవరు బండ్లు వచ్చే కుడివైపుకే చూస్తాడు. తప్పు దిశలో వచ్చే పిల్లవాడు అతనికి ఎడమవైపు నుంచి, అతను చూడని వైపు నుంచి వస్తాడు.

పిల్లలు తప్పు దిశలో తొక్కడానికి అసలు కారణం మొండితనం కాదని మీకూ తెలుసు. భూత్పూర్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మధ్యలో డివైడరు ఉంటుంది, దాటే చోటు కిలోమీటరు అవతల ఉంటే ఏ పిల్లవాడికైనా దగ్గరి దారే కనబడుతుంది. సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా ఎంత చుట్టయినా దాని మీదే రావాలి. అది లేని ముక్కలో సైకిలు దిగి, రోడ్డు అంచు దాటి మట్టి మీద నడిపించుకుంటూ రావాలి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. పిల్లలు ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంతమంది దాటుతున్నారో వారం రోజులు లెక్క రాసి, బడి తరఫున ఆ కమిటీకి అర్జీ ఇవ్వండి. ఆ లెక్క ఉన్న అర్జీని పక్కన పెట్టడం కష్టమని నా అనుభవం.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. నేను ఎడమకు తిరుగుతుంటే సైకిలువాళ్లు క్లీనర్ సైడు సందులో దూరుతారు. ఏమన్నా జరిగితే కేసు నా మీదే. ఇందులో వాళ్ల తప్పు లేదా?
– ఒక లారీ డ్రైవరు, సూర్యాపేట

జవాబు: ఆ సందులో దూరడం తప్పే, సైకిలు తొక్కేవారికి ఆ మాట ఇక్కడే చెబుతున్నాను. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, మీరూ అతనికి కనబడటం లేదు. ఇండికేటరు వేసిన లారీకి ఎడమ పక్కన ఎప్పుడూ చేరవద్దు, వెనకే ఆగిపోవాలి.

కానీ అన్నా, ఆ సైకిలు మనిషి అక్కడికి ఎందుకు వస్తాడో మీ సీట్లోంచి కాక, అతని సీటు మీంచి ఒకసారి చూడండి. పొడవైన లారీ ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి జరుగుతుంది. కుడికి పోతోందనుకుని, ఎడమన ఖాళీ కనబడగానే అతను ముందుకు వస్తాడు. అప్పుడు మీరు స్టీరింగు తిప్పుతారు. వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో పోవు, లోపలికి కోసుకుంటూ పోతాయి. ముందు భాగం తనను దాటిపోయిందని అతను ఊపిరి పీల్చుకునే సరికి వెనక చక్రం అతని మీదికి వస్తుంది. ఇలాంటి ప్రమాదం చేసిన ఒక టిప్పరును పరీక్షించినప్పుడు, ఎడమ వెనక టైరు పక్కగోడ మీద సైకిలు హ్యాండిల్ తొడుగు రుద్దుకున్న నీలిరంగు చార కనిపించింది. ముందు బంపరు మీద చిన్న గీత కూడా లేదు. బండి తగిలినట్టు ఆ డ్రైవరుకు తెలియనే లేదు.

క్లీనర్ సైడు అన్న పేరు అక్కడ చూడటానికి ఒక మనిషి ఉన్న కాలంలో పుట్టింది. ఇప్పుడు చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి కనుక ఆ పని కూడా మీ మీదే పడింది. మలుపుకు చాలా ముందే ఇండికేటరు వేయండి, స్టీరింగు తిప్పే ముందు ఎడమ అద్దం చూడండి, తిప్పుతూ ఉండగా మళ్లీ చూడండి. ఆ రెండోసారి చూసే డ్రైవర్లు చాలా తక్కువ.

సైకిలును దాటేటప్పుడు బారెడు దూరం ఇవ్వండి. రెండు చేతులూ చాచితే ఎంతో అంత, దాదాపు ఐదున్నర ఆరడుగులు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని నిబంధన ఉంది. మన బార ఆ రెండింటి మధ్య కొలతే. ఈ బారెడును చక్రం నుంచి కాదు, సరుకు అంచు నుంచి కొలవాలి. పత్తి లోడు, వరిగడ్డి లోడు రెండు పక్కలా ఉబ్బి ఉంటాయి కదా, డ్రైవరు చక్రాన్ని తప్పించినా గడ్డి మనిషిని ఈడ్చుకుపోతుంది. వేగంగా పోయే లారీ గాలికే బక్కపలచని మనిషి సైకిలు తూలుతుంది. ఎదురుగా బండి వస్తూ బారెడు దూరం ఇవ్వడానికి చోటు లేకపోతే, హారను కొట్టి దూరిపోవద్దు, సైకిలు వెనకే పది సెకన్లు ఆగండి.

ప్రశ్న: బజారులో ఆగి ఉన్న కారు తలుపు తగిలి మా తమ్ముడు సైకిలు మీంచి పడ్డాడు. తలుపు తీసినవారు మేం చూసుకోలేదన్నారు. దీనికి ఉపాయం ఏమిటి?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తలుపు తీయడమే. కుడివైపు కూర్చున్న డ్రైవరు ఎడమ చేత్తో తీస్తే, ఒళ్లు దానంతట అదే తిరిగి చూపు అద్దం వైపు, వెనక్కు పోతుంది. నెదర్లాండ్స్‌లో ఇలా తీయడాన్ని డ్రైవింగ్ నేర్పేటప్పుడే అలవాటు చేస్తారు. వెనక సీట్లోని పిల్లలకు కూడా ఇదే నేర్పండి. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు మీ తమ్ముడు తలుపు వెడల్పు దూరం వదిలి తొక్కాలి.

ప్రశ్న: మా నాన్న మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ. సీజన్‌లో రాత్రి పదకొండు దాటాక సైకిలు మీద ఇంటికి వస్తారు. దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆయన వచ్చేదాకా మా అమ్మ వాకిట్లోనే కూర్చుంటుంది. ఏం చేస్తే ఆయన డ్రైవర్లకు కనబడతారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చేయగలిగిన పనులు ఖర్చు తక్కువవే, కానీ వాటి ఫలితం పెద్దది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరు మనిషిని గమనించి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగేసరికి పొడి రోడ్డు మీద కూడా దాదాపు 45 మీటర్లు పడుతుంది. 80 కిలోమీటర్ల వేగమైతే 70 మీటర్ల దాకా పోతుంది. డిప్ లైటు వెలుగులో ముదురు రంగు చొక్కా వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనబడడు. అంటే, కనబడే సమయానికే ఆలస్యమైపోతుంది. రేడియం స్టిక్కరు సంగతి వేరు. అది తన మీద పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది కనుక, వంద మీటర్లకు పైగా దూరం నుంచే డ్రైవరు కంటికి మెరుస్తుంది.

వెనక మడ్‌గార్డుకు ఎర్ర రేడియం, ముందు హ్యాండిల్‌కు తెల్ల రేడియం అతికించండి. వాటికంటే ముఖ్యంగా పెడళ్ల అంచులకు, చక్రాల ఊచలకు అతికించండి. ఆగి ఉన్న మెరుపు కిలోమీటరు రాయిదో గేటుదో అనుకోవచ్చు, కిందికీ పైకీ ఆడే రెండు మెరుపులు మాత్రం పెడళ్లని, సైకిలు మీద మనిషి ఉన్నాడని డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. బ్యాటరీతో మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు వెనక తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే రేడియం తన మీద వెలుగు పడితేనే పనిచేస్తుంది, హెడ్‌లైటు చెడిపోయిన ట్రాక్టరు ముందు దానికి విలువ లేదు. మిల్లు దుమ్ము రేడియం మీద పొరలా పేరుకుంటుంది. వారానికొకసారి తడిగుడ్డతో తుడవండి.

వడ్ల సంగతి. కల్లం లేని రైతు రోడ్డు మీద ఆరబోయడం అతని కష్టమే, అది తెలియక కాదు. కానీ కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు, నల్ల పట్టాలు రాత్రి ఎవరికీ కనబడవు, సైకిలు మనిషి వాటిని తప్పించడానికి రోడ్డు మధ్యకు రావలసి వస్తుంది. వడ్లు ఎత్తిన సాయంత్రమే రాళ్లను కూడా తీసేయమని మీ ఊరి రైతులను మీలాంటి చదువుకున్న పిల్లలే అడగాలి. మీ నాన్నగారు అలాంటి చోటుకు చేరేటప్పటికి వెనక నుంచి బండి వెలుగు పడితే, సైకిలు దిగి ఆ బండిని పోనిచ్చి కదలమనండి. డ్రైవర్లకు నా మనవి: వడ్లు కనిపించిన చోట, ఆ కుప్ప అవతల ఒక మనిషి ఉన్నాడనుకునే నడపండి.

ప్రశ్న: మా బావను గుర్తు తెలియని బండి ఢీకొట్టి ఆగకుండా పోయింది. తీసుకెళ్లిన ఆసుపత్రిలో ముందు పోలీసు కాగితం తెమ్మన్నారు. సైకిలుకు బీమా ఉండదు కదా, మాకేమైనా వస్తుందా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: వస్తుంది. సైకిలుకు బీమా లేకపోవడం మీ హక్కుకు అడ్డు కాదు. బండి ఏదో తెలియని ప్రమాదాల్లో, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000 పరిహారం ఉంది. ఎఫ్ఐఆర్ నకలు, వైద్యుల పత్రాలతో మీ ప్రాంత రెవెన్యూ అధికారులకు, అంటే ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. తర్వాత బండి దొరికితే, దాని బీమా మీద జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పూర్తి పరిహారం కోరవచ్చు. అందుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు కనుక వెంటనే న్యాయవాదిని కలవండి. 2025 మే నుంచి, మోటారు వాహనాల వల్ల గాయపడినవారికి ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే పథకం కూడా ఉంది. కాగితం తెచ్చేదాకా గాయపడిన మనిషిని ఆపడం ఏ ఆసుపత్రికీ తగదు. దారిన పోతూ గాయపడినవారిని చేర్పించినవారిని పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు, మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది. ఈ సంగతి తెలియకనే చాలామంది పడిపోయిన సైకిలును చూసీ ఆగకుండా పోతున్నారు.

ప్రశ్న: మా నాన్న ఆటో నడుపుతారు. నడుపుతూనే ఫోన్ భుజానికి, చెవికి మధ్య పెట్టుకుని మాట్లాడతారు. మా బడి పిల్లలు అదే రోడ్డు మీద సైకిళ్ల మీద వస్తారు. నాన్నకు ఎలా చెప్పాలి?
– ఒక 9వ తరగతి విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: బిడ్డా, మెడ వంచి ఫోన్ పెట్టుకుంటే నాన్నకు ఆ పక్క అద్దం కనబడదు. ఈ మాట చెప్పు, కానీ కోపంగా చెప్పకు. బండి ఆగినప్పుడు, నాన్న అన్నం తింటున్నప్పుడు చెప్పు. ఆయనకు వచ్చే కాల్స్‌లో ఎన్ని ఇంటి నుంచే వస్తున్నాయో కూడా చూడు. నాన్నా ఎక్కడున్నావు, కూరగాయలు తెస్తావా, ఎప్పుడొస్తావు అని మనమే అడుగుతుంటాం. ఆయన బండి మీద ఉండే వేళల్లో ఇంట్లోవాళ్లెవరూ ఫోన్ చేయవద్దని అమ్మతో, అన్నతో మాట్లాడుకోండి. కిరాయి కాల్స్ వస్తే ఆటో పక్కకు ఆపాకే తిరిగి చేస్తానని నాన్నను తన వాడుక మనుషులకు చెప్పమను. నువ్వు ఆటోలో ఉన్నప్పుడు ఫోన్ అడిగి నీ దగ్గర పెట్టుకో. అది మోగితే, 'నాన్న బండి నడుపుతున్నాడు, ఆగాక చేస్తాడు' అని నువ్వే చెప్పు.